రాసే చెయ్యి, పని చేసే చెయ్యి

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగాక, ఊరికే లేచిపోతే బాగుండదని, "మీ సర్వీసులో గొప్ప కేసు ఏదండీ?" అని అడుగుతారు. గొప్ప కేసులన్నీ డాక్టర్లవి. నావి బొమ్మలు. తలకు దెబ్బ తగిలినవాళ్ళ చేత బొమ్మలు గీయించి, వాళ్ళ జ్ఞాపకశక్తికి మార్కులు వేయడం నా పని. ఇది ఉద్యోగమని మా అమ్మకు చివరిదాకా నమ్మకం కలగలేదు. "చిన్నపిల్లలకా?" అని అడిగేది. పెద్దవాళ్ళకని చెబితే ఇంకా దిగులుపడేది.

గొప్ప కేసు లేదు కాబట్టి, నేను మార్కులు తప్పు వేసిన కేసు చెబుతాను. మీకు ఎక్కువ పనికొచ్చేది కూడా అదే.

తొంభైల మధ్యలో నేను సూరత్‌లో ఒక ధర్మాసుపత్రిలో, నరాల జబ్బుల విభాగంలో ఉండేవాణ్ణి. కాపురం పర్వత్ పాటియాలో. కరీంనగర్ నుంచి సైకాలజీ పట్టా ఒకటి, గుజరాతీలో ఆరు మాటలు పట్టుకుని వెళ్ళాను. పట్టా కంటే ఆ ఆరు మాటలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఊరి నిండా మనవాళ్ళే, మగ్గాల మీద పనిచేసేవాళ్ళు. ఆసుపత్రికి ఎవరు తెలుగులో మూలుగుతూ వచ్చినా నా గదికి పంపేవారు. పంటి నొప్పయినా సరే. అందరికీ నేను 'తెలుగు సారు'ని.

ఒక మంగళవారం ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, కుడి కణత మీద కొత్తగా మానిన గాయం. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరి తగిలిందట. రెండు రోజులు స్పృహ లేదు, నెల రోజులు మంచం మీద ఉన్నాడు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు, బాగానే తింటున్నాడు. కానీ ఊరి బయట సచిన్ అనే పేటలో ఆయన పనిచేసే కార్ఖానా సేటుకి మాత్రం ఆసుపత్రి కాగితం కావాలి. మతి సరిగా ఉందని.

సేటుని తప్పు పట్టలేం. ఈయనది వైపని. అంటే మగ్గం మీదికి నిలువు పోగులు చుట్టిన కొత్త బీము ఎక్కినప్పుడు, దాని వేల పోగుల్ని ఒక్కొక్కటిగా, గుడ్డ మీద రావలసిన అల్లికకు తగ్గ వరసలో, సన్నటి కన్నాల్లోంచి లాగి దువ్వెనలాంటి అచ్చులోకి ఎక్కించడం. ఒక్క పోగు వరస తప్పితే ఆ తప్పు బట్ట తాను మొత్తం పొడవునా వస్తుంది. వరస మరిచిపోయేవాణ్ణి ఆ పీట మీద కూర్చోబెడితే సేటు చీరలు మానేసి జల్లెళ్ళు అమ్ముకోవాలి. అందుకని సోమవారం లోపల కాగితం రాకపోతే పీట మీద ఇంకొకరు కూర్చుంటారని, ఈయన కావాలంటే కింద పడ్డ దారం తుక్కు ఊడ్చుకోవచ్చని కబురు చేశాడు. ఇరవై ఏళ్ళు బీము ముందు కూర్చున్నవాడికి చీపురు ఇవ్వడమన్నమాట.

"ఎంత చదివినవ్?" అన్నాను.

"మూడు దాక సారు. మూడుల రెండేండ్లు."

నా ఫారంలో పైన 'చేతివాటం' అని ఒక గడి ఉండేది. "ఏ చేత్తో రాస్తవు?" అని అడిగాను.

ఆయన రెండు చేతులూ ఒకసారి చూసుకున్నాడు. "రాసుడంటే ఏముంది సారు, సంతకమే గద. గీ చేతితోని" అని కుడిచెయ్యి ఎత్తాడు. నేను గడిలో టిక్కు పెట్టాను.

పరీక్ష పెద్దదేమీ కాదు. ఒక అట్ట మీద ఒక బొమ్మ ఉంటుంది. పెద్ద పెట్టె, లోపల నిలువు గీతలూ అడ్డ గీతలూ మూల గీతలూ, ఓ పక్క త్రిభుజం, ఒక గుండ్రం, దాంట్లో మూడు చుక్కలు. ఇల్లు అనుకుంటే ఇల్లు కాదు, పడవ అనుకుంటే పడవ కాదు. ముందు దాన్ని చూసి గీయాలి. తర్వాత అరగంట అవీ ఇవీ మాట్లాడి, అట్ట లేకుండా జ్ఞాపకం మీద గీయాలి. ముప్ఫై ఆరు మార్కులు.

పెన్సిలు ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోకుండా, "ఏ చేతితోని గియ్యాలె సారూ?" అన్నాడు.

"రాసే చేత్తోనే."

"గట్లనే సారు" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆ జవాబే విన్నవాడిలా అన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేను గడియారం చూసుకుంటున్నాను.

చూసి గీసినది కాలు విరిగిన నవారు మంచంలా వచ్చింది. గుండ్రం ఆలుగడ్డ అయింది. మూడు చుక్కల్లో ఒకటి గుండ్రంలో ఇమడలేక బయటికి వచ్చేసింది. అంతసేపూ ఆయన నుదుటి మీద చెమట, కళ్ళు పెన్సిలు మొన మీద. బొమ్మని చూస్తున్నాడో, పెన్సిలు పారిపోకుండా కాపలా కాస్తున్నాడో తెలియలేదు.

తర్వాత అరగంటా మాట్లాడాడు. సూరత్ వచ్చినప్పటి నుంచి తాను ఎక్కించిన డిజైన్లు, ఏది ఏ మగ్గానికో, ఏ పోగు తర్వాత ఏ పోగో, వరసగా చెప్పుకొచ్చాడు. ఫారంలో 'మాటకారి' అని రాసుకున్నాను. మాటలకు మార్కులు లేవు. ఆ తర్వాత జ్ఞాపకం మీద గీయమంటే మంచం, దానికి ఒక కాలు గీశాడు. ఆరు మార్కులు. 'జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నది' అని రాసి టైపుకి పంపించి, భోజనానికి వెళ్ళాను. ఆ రోజు భోజనం బాగుంది కూడా. అది దాచడం ఎందుకు?

మా టైపిస్టు సూరత్ మనిషి, మంచివాడు. టైపు చేసినదాన్ని నోటితో కూడా ఒకసారి సరిచూసుకోవడం అలవాటు, అదీ ఎదురుగా ఉన్నవాళ్ళతో. బుధవారం పొద్దున ఆ వైపని ఆయన భార్య నేరుగా నా గదిలోకి వచ్చింది.

"ఏం సారు, మా ఆయినకు మతి లేదని రాసినవట?"

"మతి లేదని కాదమ్మా, జ్ఞాపకం కొంచెం..."

"జ్ఞాపకమా? మా పెండ్లిల మా అన్న తాగొచ్చి ఏమన్నడో ఇరవై ఏండ్ల సంది దినాం యాది చేస్తడు. ఏ కూర అయింది, అండ్ల ఉప్పు ఎంత ఎక్కువైంది, గదంత చెప్తడు. జర మతి తక్కువుంటే నాకే నయముండు గద సారు!"

ఇది శాస్త్రీయమైన ఆధారం కాదని ఆమెకు నచ్చచెప్పబోయాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాయితం మీద గాదు సారు. బీము కాడికి వచ్చి సూడు. రేపు లింబాయత్‌ల మా మరిది షెడ్డుకు కొత్త బీము ఎక్కుతున్నది, ఈయినే కూసుంటడు. సేటు పని గాదు, ఇంటి పని. ఎవ్వల్ అద్దనరు. సూసి, గప్పుడు మతి లేదని రాయి. నేనే టైపు కొట్టించుకొని పోత."

గురువారం లింబాయత్ వెళ్ళాను. ముగ్గురు ఎక్కే ఆటోలో ఎనిమిది మందిమి. నేను సగం డ్రైవరు సీటు మీద, మిగతా సగం రోడ్డు మీద కూర్చుని ప్రయాణం చేశాను. ఇరుకు గల్లీ, నాలుగు మగ్గాల షెడ్డు. మూడు ఆడుతున్నాయి కాబట్టి అందరూ అరుచుకునే మాట్లాడుకుంటారు. నాలుగో దాని వెనక ఆయన చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. అవతలి వైపు తమ్ముడు కూర్చుని పోగు పోగూ అందిస్తున్నాడు.

కుడిచెయ్యి దారాల గుత్తిని గట్టిగా పట్టుకుని ఉంది, మొండి దూడ తోక పట్టుకున్నట్టు. అది చేసే పని అంతే. ఎడమచెయ్యి మాత్రం పిచ్చుకలా ఉంది. వాలుతుంది, పోగు అందుకుంటుంది, కన్నంలోంచి లాగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆయన దానివంక చూడటం కూడా లేదు. నాతో మాట్లాడుతున్నాడు. "రా సారు, కూసో. చాయ్ తాగుతవా?"

"డిజైను కాగితం ఏది?" అని అరిచాను.

"కాయితమెందుకు సారు? పొద్దుగాల ఒకసారి సూసిన గద!"

తమ్ముడు నవ్వాడు. "సారు, కాగజ్ నేను పట్టుకొని కూసున్న. ఇప్పటిదాక ఒక్క గల్తీ రాలే. వస్తె పట్టుకుందామని పొద్దట్నుంచి సూస్తున్న, నాకు బోర్ కొడుతున్నది."

నేను ఆ ఎడమచేతి వంకే చూస్తూ నిలబడ్డాను. 'ఏ చేతితోని గియ్యాలె సారూ?' అన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది. మగ్గాల మోతలో కూడా చాలా స్పష్టంగా వినిపించింది.

"నీది ఎడమ చేతివాటమా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. దొంగతనం బయటపడినట్టు ఆ చేతిని ఒళ్ళో దాచుకున్నాడు. "లేదు సారు! తినేది మంచి చేతితోనే, సంతకం మంచి చేతితోనే. గిది ఉత్త పనికే."

"సిన్నప్పుడు బడిల పంతులు గీ చేతి మీదనే కొట్టేటోడట" అంది భార్య. "మా అత్త అయితే అన్నం తినేటప్పుడు కొంగుతోని కట్టేసేదట. ఇగ బీము కాడ కట్టేస్తె పనెట్లయితది? అందుకే ఇడిసిపెట్టిన్రు."

అదీ సంగతి. తిండికీ రాతకీ ఒక చెయ్యి, బతుకుతెరువుకి ఇంకొకటి. నేను మొదటి చేతికి పరీక్ష పెట్టి, రెండో చేతికి చీపురు రాసి ఇచ్చాను.

తిరుగు ఆటోలో నాకు మొత్తం సీటు దొరికింది. అంత మర్యాదకి ఆ రోజు నేను తగను.

కానీ రిపోర్టు టైపయిపోయింది. శనివారం మా పెద్ద డాక్టరు సంతకాలు పెడతాడు. ఆయన మహా పనిమంతుడు. టైపయిన కాగితాన్ని మార్చడమంటే, కుట్టేసిన పొట్టని మళ్ళీ కోయమన్నట్టు చూసేవాడు. వట్టి మాటలతో వెళితే లాభం లేదని, శుక్రవారం పొద్దున ముందు నా మీద ప్రయోగం చేసుకున్నాను. మొదటి బొమ్మ నాకు కంఠతా వచ్చు. అలాంటిదే రెండో బొమ్మ అట్ట ఒకటి కవరు విప్పకుండా బీరువాలో ఉండేది. అది తీసి, ఎడమచేత్తో చూసి గీశాను. ప్రతి గీతకీ పెన్సిలుతో కుస్తీ. ఏ గీత దేనికి ఆనుకుని ఉందో చూసే తీరికే లేదు. అరగంట తర్వాత నాకు గుర్తున్నది ఒక చతురస్రం, ఇంకా చాలా ఉండాలన్న బలమైన అభిప్రాయం. ఎనిమిది మార్కులు.

అదే అట్ట పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను.

"భాయ్, అతను సంతకం ఏ చేత్తో పెడతాడు?"

"కుడి, సార్."

"అన్నం?"

"కుడి."

"మరి గొడవ ఏముంది?"

"మీరు ఒక బొమ్మ ఎడమచేత్తో గీస్తారా సార్? పది నిమిషాలు. తర్వాత అరగంట మీ పేషెంట్లని చూసుకోండి, నేను మళ్ళీ వస్తాను."

ఆయనకు పందెం అంటే ఇష్టం. గీశాడు. అరగంట తర్వాత జ్ఞాపకం మీద కూడా గీసి, చెయ్యి విదుల్చుకుంటూ దర్జాగా ఇచ్చాడు. నేను అక్కడే నిలబడి మార్కులు వేశాను. సగం తప్పు ఎడమచేతిదీ, సగం తప్పు ఆయన తొందరదీ. మొత్తం అయిదు.

"ఎంతలో?"

"ముప్ఫై ఆరులో సార్. ఆ వైపని ఆయనకు ఆరు వచ్చాయి."

తలుపు దగ్గర కాగితాలతో నిలబడ్డ మా టైపిస్టు, "సాహెబ్, ఈ రిపోర్టు కూడా టైపు చెయ్యనా? మూడు కాపీలా, నాలుగా?" అన్నాడు.

పెద్ద డాక్టరు నవ్విన నవ్వుకి బల్ల మీద మందుసీసాలు గలగలలాడాయి. "ఆపు, ఆపు. ఆ కాగితం ఆపు. రేపు ఎడమచేత్తో చేయించు. నా బొమ్మ ఇటివ్వు." బొమ్మ మాత్రం ఇవ్వలేదు. రికార్డు సార్, అన్నాను.

శనివారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని వచ్చాడు. రెండో అట్ట ముందు పెట్టి, పెన్సిలు ఇచ్చి, "ఈసారి ఎడమచేత్తో" అన్నాను. ఇక అంతా సాఫీగా జరుగుతుందని నా ఉద్దేశం.

ఆయన చేతులు కట్టుకున్నాడు. "వద్దు సారు."

"ఎందుకు?"

"కాయితం సరస్వతి. ఎడమ చెయ్యి పెట్టద్దు."

"నీ ఉద్యోగం పోతుందయ్యా."

"పోతె పోనీ సారు. ఊడుసుకుంట. కాయితానికి మాత్రం గీ చెయ్యి పెట్ట."

మూడో తరగతి పంతులు పోయి ఎన్నేళ్ళయిందో. ఆయన బెత్తం మాత్రం నా గదిలో నా కంటే గట్టిగా పనిచేస్తోంది. నేను శాస్త్రం చెప్పాను, మెదడు గురించి చెప్పాను, దేవుడి గురించి కూడా నాకు తెలిసినంత చెప్పాను. ఆయన ప్రతిదానికీ గౌరవంగా తల ఊపి, చేతులు మాత్రం విప్పలేదు.

భార్య లేచింది. "బీము మీద సుద్దముక్కతోని గుర్తులు పెడ్తవు గద, గప్పుడు యాడికి పోతది నీ సరస్వతి?"

"గది రాత గాదే. గుర్తు."

నాకు ఊపిరి వచ్చింది. అట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇందులో ఒక్క అక్షరం చూపించు. ఉంటే పరీక్ష మానేద్దాం."

ఆయన అట్టని వెలుతురుకి పెట్టి చూశాడు. తిరగేసి చూశాడు. బట్టల మార్కెట్టులో బేరగాడిలా అంచులు కూడా చూశాడు. "లేదు సారు" అన్నాడు, కొంచెం నిరాశగా.

"ఇది డిజైను. నువ్వు గుర్తులు పెట్టుకో, చాలు."

కాగితం ఎందుకని, వరండాలోంచి నల్లబల్ల తెప్పించాను. దాని మీద పెద్ద డాక్టరు రోగుల్ని చూసే వేళలు రాసి ఉన్నాయి. తుడిచేశాను. పెన్సిలూ కాగితమూ అని నియమాల్లో స్పష్టంగా ఉంది. ఆ నియమాలు రాసినవాళ్ళు లింబాయత్ వెళ్ళి ఉండరు.

సుద్దముక్క ఎడమచేతిలోకి వెళ్ళింది. నేను షెడ్డులో చూసిన పిచ్చుక మళ్ళీ లేచింది. ముందు పెద్ద పెట్టె, తర్వాత లోపలి గీతలు, ఆ తర్వాత చిల్లర. ముందు తానుని చూసి తర్వాత పోగుల్ని చూసేవాడి పద్ధతి. బల్ల తుడిచి, అరగంట కబుర్లు చెప్పుకున్నాం. బావమరిది పెళ్ళిలో ఏమన్నాడో అప్పుడే మొదటిసారి విన్నాను. ఇక్కడ రాయదగ్గది కాదు. తర్వాత అట్ట లేకుండా గీశాడు. ముప్ఫై మూడు మార్కులు.

భార్య కళ్ళు తుడుచుకుంటూనే, "నే జెప్పలే?" అంది. నాతో కాదు, ఆయనతో.

అక్కడితో ఆపితే సరిపోయేది. నాకే ఆశ పుట్టి, "మంగళవారం నాటి బొమ్మ ఏమన్నా యాదికి ఉన్నదా?" అన్నాను.

"ఏది సారు, నేను ఖరాబు చేసిందా?" అని బల్ల తుడిచి మొదలుపెట్టాడు. నాలుగు రోజుల కింద ఒకే ఒక్కసారి, అదీ పెన్సిలుతో పెనుగులాడుతూ చూసిన బొమ్మ. పెట్టె, మూల గీతలు, గుండ్రం, దాని లోపల బుద్ధిగా మూడు చుక్కలు. చివరికి పై మూలలో ఒక చిన్న గీత అదనంగా గీశాడు.

"ఇది అట్ట మీద లేదే?" అన్నాను.

"లేదు సారు. గీ కాడ మీ దాంట్ల ఒక పోగు తెగిపోయింది. కొస కనవడ్తున్నది, నడుమ లేదు. సూస్తె మనసున పట్టలే. కలిపిన."

నా దగ్గరున్నది జిరాక్సుకి జిరాక్సు. పెద్ద డాక్టరు బీరువాలోంచి అసలు పుస్తకం తీయించి చూశాను. ఆ గీత ఉంది. మార్కుల పట్టీలో దానికి మార్కులు కూడా ఉన్నాయి. నాలుగేళ్ళుగా నా అట్ట మీద లేని గీతని గీయలేదని సూరత్‌లో ఎంతమందికి మార్కులు కోశానో లెక్కపెట్టే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

అప్పుడే పెద్ద డాక్టరు లోపలికి వచ్చాడు. "నా టైములు ఎవరు తుడిచారు? బయట జనం నన్ను అడుగుతున్నారు నేను ఎప్పుడు వస్తానని!" అంటూ బల్ల చూసి ఆగిపోయాడు. కొంచెంసేపు చూశాడు. తర్వాత ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని ఎవరూ పోల్చి చూడకుండా కాబోలు.

కొత్త రిపోర్టుని మా టైపిస్టు నాలుగు కాపీలు, నోటితో అయిదోది తీశాడు. 'జ్ఞాపకశక్తి చాలా బాగుంది' అన్న చోట 'చాలా' అనే మాట పెద్ద డాక్టరు తన పెన్నుతో ఎక్కించాడు. సోమవారం వైపని ఆయన తన పీట మీద తనే కూర్చున్నాడు.

నాయనలారా, ఈ కథ విని అందరి చేతా ఎడమచేత్తో గీయించకండి. చిన్నప్పటి నుంచీ పెన్సిలు పట్టినవాడు ఏ చేత్తో గీసినా మరిచిపోయేది దాదాపు అంతే. మా డాక్టరుదీ నాదీ ప్రత్యేకమైన ప్రతిభ. కానీ పెన్సిలుతో పరిచయం లేనివాడు రాని చేత్తో గీస్తుంటే, మనసంతా చేతిని కాయడానికే సరిపోతుంది, బొమ్మకి మిగలదు. ఆ తర్వాత అది మరిచిపోవడం కాదు, అసలు చూడకపోవడం. అందుకని ఏ చేత్తో రాస్తావని నేను ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. మేకు ఏ చేత్తో కొడతావు, అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తావు, రాయి ఏ చేత్తో విసురుతావు అని అడిగాను. అన్నిటికంటే ముఖ్యంగా, రోగి 'ఏ చేతితోని' అని అడిగితే గడియారం చూడటం మానేశాను.

నెల తర్వాత ఒక ఆదివారం లింబాయత్ వెళ్ళాను. పనేమీ లేదు. తమ్ముడి షెడ్డులో ఇంకో బీము ఎక్కుతోంది. ఆయన నన్ను చూసి ముఖమంతా నవ్వై, పక్కనున్న చాయ్ గ్లాసు తీసి నాకు అందించాడు. ఎడమచేత్తో. కుడిచేతిలో దారాల గుత్తి ఉంది మరి.

"ఓయమ్మో! సారుకు ఎడమ చేతితోని ఇస్తవా?" అని భార్య కేకేసింది.

ఆయన బిగుసుకుపోయాడు. గ్లాసు గాలిలో ఉంది. కుడిచేతి వంక చూసుకున్నాడు. వదిలితే వరసంతా చెదురుతుంది, వదలకపోతే సారుకి మర్యాద చెదురుతుంది. వేళ్ళు నెమ్మదిగా విచ్చుకోబోతున్నాయి.

నేను గబుక్కున నా ఎడమచెయ్యి చాపి గ్లాసు అందుకున్నాను.

ఆ చేతికి వచ్చినవి ఎనిమిది మార్కులని ముందే చెప్పాను. సగం చాయ్ చొక్కా మీద పడింది. మిగతా సగం చాలా బాగుంది.